ఎన్‌ఐఆర్ అనలైజర్‌కి ఫైబర్ కలపడం: ఎపిసోడ్‌తో పాటు ఉంచుకోవాల్సిన నోట్సు



ఈ వారం ఎపిసోడ్‌లో రిఫైనరీల్లో వాడే ఎన్‌ఐఆర్ అనలైజర్ గురించి, దానికి ఆప్టికల్ ఫైబర్ కలిపే పని గురించి మాట్లాడుకున్నాం. "వింటుంటే అర్థమవుతోంది గానీ తర్వాత గుర్తుండడం లేదు, వరుసగా రాసి పెట్టండి" అని కొంతమంది అడిగారు. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే పెట్టాం. కానీ అందులో మాటకి మాట తగిలి ఎటెటో పోతుంటుంది. ఇక్కడ మాత్రం పని జరిగే వరుసలో రాశాను. ప్లాంటు లోపలికి మామూలు ఫోన్ ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి రూములో ఉన్నప్పుడు చదివి, పనికొచ్చేవి జేబు నోటుబుక్కులోకి ఎక్కించుకోండి.

నేను గల్ఫ్‌లో చాలా ఏళ్ళుగా ఇన్‌స్ట్రుమెంట్ పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ భాగం అనలైజర్ల మీదే. ఈ పనికి మనవాళ్ళు రెండు దారుల్లో వస్తున్నారు. ఐటీఐలోనో డిప్లొమాలోనో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి వచ్చినవాళ్ళు ఒక రకం. ఊళ్ళో ఇంటర్నెట్ ఫైబర్ లాగి, స్ప్లైసింగ్ చేసి, "ఫైబర్ పని వచ్చు" అని వీసా మీద వచ్చినవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళకి ఫైబర్ కొత్త, రెండోవాళ్ళకి అనలైజర్ కొత్త. ఇద్దర్నీ మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

ముందే ఒక్క మాట. ఈ మెషీన్‌లో ఫైబర్ జాయింట్ కూడా కొలతలో భాగమే. కరెంటు వైరు లూజయితే మెషీన్ ఆగిపోతుంది, అలారం మోగుతుంది, అందరికీ తెలుస్తుంది. ఫైబర్ మొహం మీద మురికి చేరితే మెషీన్ ఆగదు. తప్పు నంబరుని ధీమాగా చూపిస్తూనే ఉంటుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఇందుకే.

ఈ పెట్టె చేసే పని ఏమిటి?

కంటికి కనిపించే ఎరుపు దాటాక, సుమారు 780 నుంచి 2500 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిని నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. పెట్రోల్‌లో, డీజిల్‌లో ఉండే కార్బన్–హైడ్రోజన్ బంధాలు ఈ కాంతిలో కొన్ని చోట్ల కొంత మింగేస్తాయి. ముఖ్యంగా 1200 నానోమీటర్ల దగ్గర, 1700 నానోమీటర్ల దగ్గర. ఏ చోట ఎంత మింగిందో గీస్తే వచ్చేదే స్పెక్ట్రమ్. సరుకు మారితే ఆ గీత ఆకారం కొద్దిగా మారుతుంది.

పెట్రోల్ ఆక్టేన్ నంబరుని ల్యాబులో ప్రత్యేకమైన ఇంజన్ నడిపి కొలుస్తారు. రీసెర్చ్ ఆక్టేన్‌కి ఏఎస్‌టీఎం డీ2699 పద్ధతి. దానికి టైము పడుతుంది. 660 నుంచి 1215 నానోమీటర్ల మధ్య కాంతితోనే ఆక్టేన్ అంచనా వేయొచ్చని 1989లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. తర్వాత ఈ పద్ధతి రిఫైనరీ బ్లెండింగ్‌లోకి వచ్చేసింది. ఎన్నో శాంపిళ్ళ స్పెక్ట్రాలనీ, వాటి ల్యాబ్ నంబర్లనీ కంప్యూటర్‌కి చూపించి ఒక లెక్క తయారుచేస్తారు. దాన్నే మనం మోడల్ అంటాం. లైన్లో పోతున్న సరుకు స్పెక్ట్రమ్ తీసి ఆ మోడల్‌లో వేస్తే నిమిషాల్లో నంబరు వస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. మోడల్‌కి తెలిసింది స్పెక్ట్రమ్ ఒక్కటే. ఆ గీతలో వచ్చిన మార్పు పెట్రోల్ వల్ల వచ్చిందా, మన కనెక్టర్ వల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు.

మెషీన్ అమరిక కూడా చూద్దాం. బల్బు, లోపలి ఆప్టిక్స్, డిటెక్టర్ అన్నీ ఏసీ ఉన్న అనలైజర్ షెల్టర్‌లో ఉంటాయి. పైపులైను బయట ఎండలో, కొన్ని పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల పైన దూరంలో ఉండొచ్చు. వెళ్ళే ఫైబర్ కాంతిని ప్రోబ్ దాకానో ఫ్లో సెల్ దాకానో తీసుకెళుతుంది. సరుకు గుండా దాటిన కాంతిని వచ్చే ఫైబర్ వెనక్కి డిటెక్టర్‌కి తెస్తుంది.

ఫైబర్‌లో కరెంటు పోదు కాబట్టి గ్యాస్ ఉండే ఏరియాకి ఇది మంచి ఏర్పాటు. అయితే కాంతికీ శక్తి ఉంటుంది. పేలుడు ప్రమాదం ఉన్న చోట ఎంత కాంతి పంపొచ్చు, ఎలా పంపొచ్చు అనేదానికి ఐఈసీ 60079-28 అనే ప్రమాణమే ఉంది. అందుకే అనలైజర్‌తో వచ్చిన కాంతి తప్ప ఇంకే కాంతినీ సొంతంగా ఆ ఫైబర్‌లోకి పంపకూడదు. ఫైబర్ తెగిందో లేదో చూసే ఎర్ర లేజర్ పెన్ను కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పర్మిట్‌లో రాసి ఉంటేనే దాన్ని బయటికి తీయాలి.

ఇంటర్నెట్ ఫైబర్ అలవాట్లు ఎక్కడ దెబ్బతీస్తాయి?

ఊళ్ళో ఫైబర్ పని చేసి వచ్చిన తమ్ముళ్ళు ఈ భాగం నెమ్మదిగా చదవండి.

అక్కడ ఫైబర్ లోపలి కోర్ సుమారు 9 మైక్రాన్లు. ఇక్కడ ఎక్కువగా 200, 400, 600 మైక్రాన్ల కోర్లు. కొన్ని మెషీన్లలో సన్న ఫైబర్ల కట్ట కూడా ఉంటుంది. అక్కడ ఆకుపచ్చ ఎస్‌సీ కనెక్టర్ టక్కున కూర్చుంటుంది. ఇక్కడ తరచుగా కనిపించేది ఎస్ఎంఏ 905. మర ఉంటుంది, తిప్పి బిగించాలి. కొన్ని మెషీన్లకి ఎఫ్‌సీ, ఎస్‌టీ కూడా వస్తాయి.

అసలు తేడా అక్కడ కాదు. ఇంటర్నెట్‌లో పోయేది ఒకటి, సున్నా. దారిలో సగం కాంతి పోయినా అవతలి పెట్టెకి అది ఒకటో సున్నానో తెలిస్తే చాలు, ఇంట్లో సినిమా ఆగకుండా నడుస్తుంది. ఇక్కడ ఎంత కాంతి వచ్చింది అన్నదే మనం కొలిచేది. అక్కడ 1 డెసిబెల్ నష్టాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ 1 డెసిబెల్ అంటే 0.1 అబ్సార్బెన్స్. మోడల్ చూసే తేడాలు చాలాసార్లు అంతకంటే ఎంతో చిన్నవి.

ఇంకో మూడు విషయాలు.

కోర్ సైజు కలవకుండా జోడించొద్దు. 600 మైక్రాన్ల ఫైబర్ నుంచి 400 మైక్రాన్ల ఫైబర్‌లోకి పంపితే, వైశాల్యం లెక్కన 44 శాతమే అవతలికి పోతుంది. 200లోకి పంపితే 11 శాతం. 62.5 మైక్రాన్ల నెట్‌వర్క్ ప్యాచ్ కేబుల్ పెడితే 1 శాతం. చిన్న దాని నుంచి పెద్ద దానికి పోతే ఈ నష్టం ఉండదు. అందుకే కొన్ని సిస్టమ్‌లలో వెళ్ళే కేబులూ వచ్చే కేబులూ వేరు వేరు సైజులు ఉంటాయి. రెండూ అటుఇటు మార్చేస్తే సిగ్నల్ ఒక్కసారిగా పడిపోతుంది.

పైకి ఒకేలా ఉన్నంత మాత్రాన ఫైబర్ ఒకటే కాదు. అతినీలలోహిత కాంతికి వాడే ఫైబర్‌కీ ఎన్‌ఐఆర్ ఫైబర్‌కీ ఒకే ఎస్ఎంఏ కొసలు ఉండొచ్చు. మొదటి దాని గాజులో ఓహెచ్ ఎక్కువ ఉంటుంది. అది 1383 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా మింగేస్తుంది. మనకి కావాల్సింది ఓహెచ్ తక్కువ ఉన్న రకం. కేబుల్ మీద అచ్చైన నంబరు చదవకుండా స్టోర్ నుంచి తెచ్చుకోకండి.

మధ్యలో తెగితే ఊళ్ళోలాగా స్ప్లైస్ చేద్దాం అనుకోకండి. నెట్‌వర్క్ స్ప్లైసింగ్ మెషీన్ ఇంత లావు కోర్‌ల కోసం చేసింది కాదు. ఫ్యాక్టరీలో కొసలు వేసి వచ్చిన కేబుల్ మార్చడమే సరైన దారి.

ఒక్కో జాయింట్‌కి ఎంత కాంతి పోతుంది?

గాజు నుంచి గాలిలోకి, గాలి నుంచి గాజులోకి కాంతి దాటిన ప్రతిసారీ 3.5 శాతం దాకా వెనక్కి తగిలిపోతుంది. ఎస్ఎంఏ జాయింట్‌లో రెండు కొసల మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. అంటే ఒక జాయింట్‌లో రెండు మొహాలు, సుమారు 7 శాతం నష్టం. అబ్సార్బెన్స్‌లో చెప్పాలంటే దాదాపు 0.03.

ఇప్పుడు దారి పొడవునా జాయింట్లు లెక్కపెట్టండి. అనలైజర్ ప్యానెల్, షెల్టర్ గోడ, ఫీల్డ్ జంక్షన్ బాక్స్, ప్రోబ్. వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు. ఎనిమిది జాయింట్లు కలిపితే, అన్నీ అద్దంలా శుభ్రంగా ఉన్నా, మిగిలేది సగానికి కొంచెం పైన అంతే. మురికి, గీతలు, వంకర బిగింపు నష్టాలు దీనికి అదనం.

మరి అంత కాంతి పోయినా మెషీన్ ఎలా పనిచేస్తోంది? ఆ నష్టం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. రిఫరెన్స్ తీసుకున్నప్పుడూ అదే నష్టం, సరుకు కొలిచినప్పుడూ అదే నష్టం. ఒకదానితో ఒకటి భాగిస్తే కొట్టుకుపోతుంది. కాబట్టి మన శత్రువు తక్కువ కాంతి కాదు, మారే కాంతి. ఈ వాక్యం నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి.

దీనిలో ఇంకో మెలిక ఉంది. చాలా మెషీన్లలో రోజువారీ రిఫరెన్స్ షెల్టర్ లోపలే ఒక ప్రత్యేక ఛానెల్‌లో తీసుకుంటారు. ఆ కాంతి బయట ఫీల్డ్ ఫైబర్ దాకా పోదు. అంటే జంక్షన్ బాక్స్‌లో మన చేతుల మీదుగా ఏ మార్పు జరిగినా ఆ రిఫరెన్స్‌కి తెలియదు. మీ సైట్‌లో రిఫరెన్స్ ఏ దారిన పోతుందో ముందు ఇంజనీర్‌ని అడిగి తెలుసుకోండి. "సర్, రిఫరెన్స్ ఫీల్డ్ ఫైబర్ గుండా పోతుందా, లోపలే తీసుకుంటుందా?" అని అడిగితే చాలు. పని తెలిసినవాడే అడిగే ప్రశ్న ఇది.

కనెక్టర్ మీద చెయ్యి వేసే ముందు

1. కంట్రోల్ రూమ్‌కి చెప్పాలి. ఈ అనలైజర్ నంబరు చూసి బ్లెండ్ కంట్రోల్ దానంతట అదే వాల్వులు కదుపుతుండొచ్చు. అది చేతి కంట్రోల్‌లోకి వచ్చాక, అనలైజర్ మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్ళాకే మనం ముట్టుకోవాలి. ఎవరికి చెప్పామో, ఎన్ని గంటలకి చెప్పామో రాసుకోండి.

2. పర్మిట్, గ్యాస్ టెస్ట్. జంక్షన్ బాక్స్ మూత తీయడం కూడా పర్మిట్‌లో ఉండాలి. తుడవడానికి తీసుకెళ్ళే ఆల్కహాల్ మండే ద్రవం, దాన్నీ పర్మిట్‌లో చూపించండి.

3. మార్చే ముందు ఉన్న స్థితి దాచుకోండి. రిఫరెన్స్‌తో భాగించకముందు డిటెక్టర్‌కి అందే అసలు కాంతి గీతని సింగిల్ బీమ్ అంటారు. దాన్ని ఒకటి సేవ్ చేయించండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

4. కాంతి మూయించాలి. మెషీన్‌లో షట్టర్ ఉంటే అది మూస్తే మంచిది. బల్బు ఆపేస్తే మళ్ళీ వేడెక్కి నిలకడకి రావడానికి చాలాసేపు పడుతుంది. మీ సైట్ ప్రొసీజర్ ఏం చెబితే అది చేయండి.

5. ఫైబర్ కొసలోకి కంటితో చూడొద్దు. ఈ కాంతి చాలావరకు కనిపించదు, కాబట్టి కన్ను దానంతట అది మూసుకోదు. 1400 నానోమీటర్ల లోపు కాంతి కంటి లోపలి రెటీనా దాకా పోతుంది. మొహం చూడాలంటే కెమెరా ఉన్న ఇన్‌స్పెక్షన్ స్కోపు వాడండి. కంటికి ఆనించే రకం స్కోపుతో వెలుగుతున్న ఫైబర్‌ని అసలు చూడకూడదు.

6. టైము చూసుకోండి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో బయట పని చేయించకూడదని రూల్ ఉంది. ఈ పనికి తెల్లవారుజామే మంచిది. చెమట తక్కువ, దుమ్ము గాలి తక్కువ. ఇసుక గాలి లేచిన రోజు జంక్షన్ బాక్స్ తెరవకపోవడమే మేలని సూపర్‌వైజర్‌కి చెప్పండి.

తుడవడం: చూడు, తుడువు, మళ్ళీ చూడు

కొత్త కేబుల్ కదా, మూత ఇప్పుడే తీశాం కదా అనుకోవద్దు. ఆ ప్లాస్టిక్ మూతే మొహం మీద మురికి వదులుతుంది. ప్రతిసారీ, రెండు వైపులా చూడాల్సిందే. ఎందుకంటే ఒకటి తుడిచి ఇంకొకటి వదిలేస్తే, బిగించగానే మురికి అటు నుంచి ఇటు వచ్చేస్తుంది.

ముందు పొడిగా తుడవండి. పీచు రాలని ఫైబర్ వైప్ మీద మొహాన్ని నిటారుగా ఆనించి, ఒకే దిశలో ఒక్కసారి లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దొద్దు, రుద్దితే ఇసుక రేణువే ఉలిలా గీస్తుంది. నెట్‌వర్క్ పనిలో వాడే నొక్కుడు క్లీనర్ పెన్ను 2.5 మిల్లీమీటర్ల ఫెరూల్ కోసం చేసింది. ఎఫ్‌సీకి, ఎస్‌టీకి సరిపోతుంది. ఎస్ఎంఏ ఫెరూల్ 3.175 మిల్లీమీటర్లు, దానికి అది కూర్చోదు.

పొడిగా పోకపోతే 99 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క వైప్ అంచున వేసి, తడి దగ్గర మొదలుపెట్టి పొడి వైపుకి లాగండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం రకం వద్దు, అందులో నీళ్ళుంటాయి, ఆరాక మరక మిగులుతుంది. పూర్తిగా ఆరకముందే బిగిస్తే ఆల్కహాల్ ఆ సందులో చిక్కుకుంటుంది. దానిలోనూ కార్బన్–హైడ్రోజన్, ఓహెచ్ బంధాలున్నాయి. మనం కొలిచే చోటే అదీ కాంతిని మింగుతుంది. వేలి ముద్ర జిడ్డూ అలాంటిదే. కాంతిని చెదరగొట్టడమే కాకుండా దుమ్మునీ పట్టి ఉంచుతుంది.

నోటితో ఊదొద్దు, చొక్కా కొసతో తుడవొద్దు, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ గొట్టం పెట్టొద్దు.

బిగించడం

ఎస్ఎంఏ ఫెరూల్‌ని ముందు నిటారుగా లోపలికి పంపి, తర్వాత మర పట్టించండి. వంకరగా తోస్తే గోడకి గీసుకుని లోహపు పొడి మొహం మీద పడుతుంది. వేళ్ళతో ఆగేదాకా బిగిస్తే చాలు. స్పానర్ వద్దు.

ఎస్ఎంఏలో ఒక లోపం ఉంది. ఎఫ్‌సీకి ఉన్నట్టు దీనికి గాడి లేదు. విప్పి బిగించిన ప్రతిసారీ ఫెరూల్ ఇంకో కోణంలో కూర్చోవచ్చు, సందు కొంచెం మారొచ్చు. అందుకే విప్పే ముందే కనెక్టర్ మీద, ప్యానెల్ మీద కలిపి ఒక గీత గీసుకోండి. మళ్ళీ అదే గీతకి వచ్చేలా పట్టుకుని బిగించండి. ఈ గీత ఇంకోలా కూడా ఉపయోగపడుతుంది. పంపు వణుకుకి కనెక్టర్ వదులైందో లేదో దూరం నుంచే తెలిసిపోతుంది.

ఒకసారి ఒక కనెక్టరే విప్పండి. విప్పిన రెండు కొసలకీ వెంటనే మూతలు పెట్టండి. లేబుల్ లేని కేబుల్‌కి ముందు లేబుల్ కట్టి, ఆ తర్వాతే విప్పండి.

కేబుల్ దారి

వంపు దగ్గర ఫైబర్ నుంచి కాంతి బయటికి కారుతుంది. అన్ని తరంగదైర్ఘ్యాలూ ఒకే మోతాదులో కారవు. అంటే గీత మొత్తం కిందికి దిగడమే కాదు, ఆకారం కూడా మారుతుంది. ఎంత వంచొచ్చన్నది ఆ కేబుల్ కాగితంలో చూసుకోవాలి. కోర్ లావయ్యేకొద్దీ వంపు పెద్దగా ఉండాలి. నెట్‌వర్క్ కేబుల్‌కి చెప్పే "కేబుల్ లావుకి పది రెట్లు" లెక్క ఇక్కడ గుడ్డిగా వాడొద్దు.

ప్లాస్టిక్ టై బిగించి నొక్కేయకండి, వెల్క్రో పట్టీ వదులుగా కట్టండి. స్టీమ్ ట్రేసింగ్ పక్క నుంచి లాగకండి. మామూలు అక్రిలేట్ పూత ఉన్న ఫైబర్ 85 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. పాలిఇమైడ్ పూత 300 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వేడి ప్రోబ్ దగ్గర రెండో రకం ఉంటే, మార్చేటప్పుడు అదే రకం అడగండి.

బిగించాక పని అయిపోలేదు

సింగిల్ బీమ్ తీసి ముందు సేవ్ చేసినదానితో పక్కపక్కన పెట్టండి. తేడా ఉంటే మళ్ళీ విప్పి చూడాలి. "పర్లేదులే" అని మూత వేయొద్దు. అది సరిగ్గా వచ్చాక మీ ప్రొసీజర్ ప్రకారం కొత్త రిఫరెన్స్ తీయించండి. తర్వాత ఎప్పుడూ మారని ద్రవం ఒకటి కొలవాలి. చాలాచోట్ల టొలుయీన్ వాడతారు. అదీ బాగుంటే లైన్ శాంపిల్ ల్యాబుకి పంపించి నంబర్లు పోల్చాలి. ఇలాంటి అనలైజర్లని ల్యాబ్ నంబర్లతో ఎలా సరిచూడాలో చెప్పే ప్రమాణం ఏఎస్‌టీఎం డీ6122. అంతా అయ్యాకే కంట్రోల్ రూమ్‌కి మెషీన్ అప్పగించండి.

గీత చూసి ఏం పట్టుకోవచ్చో కొన్ని గుర్తులు:

- మొత్తం గీత ఒకేలా కిందికి దిగితే: మురికి, వదులు, లేదా కోర్ సైజు తేడా.
- గీత ఒకవైపు వాలితే: ఎక్కడో కేబుల్ వంగింది, లేదా నొక్కుకుపోయింది.
- 1383 దగ్గర కొత్త గుంట పడితే: తప్పు రకం ఫైబర్ పెట్టారు.
- కేబుల్ ముట్టుకుంటే సిగ్నల్ ఊగితే: కనెక్టర్ వదులు, లేదా లోపల గాజు చిట్లింది.
- అసలు ఏమీ రాకపోతే: ముందు షట్టర్ తెరిచారో లేదో చూడండి. తర్వాతే ఫైబర్ తెగిందని అనుకోండి.

ఫైబర్ విరిగితే ముక్కల్ని చేత్తో ఊడ్చొద్దు. కళ్ళద్దాలు పెట్టుకుని, టేపుతో అద్ది తీసి, మూత ఉన్న డబ్బాలో వేయండి. చర్మంలో దిగిన గాజు పోగు కంటికి కనబడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే

పెట్రోల్ 95 ఆక్టేన్ అని అమ్మాలి. అసలు 95.4 ఉన్నా అనలైజర్ 95.0 చూపిస్తే, కంపెనీ ఖరీదైన సరుకుని ఊరికే కలుపుతోందన్నమాట. అసలు 94.7 ఉన్నా 95.1 చూపిస్తే, ట్యాంకు నిండాక ల్యాబులో ఫెయిలవుతుంది, మళ్ళీ బ్లెండ్ చేయాలి. రెండింట్లో ఏది జరిగినా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "చివరిగా ఎవరు ముట్టుకున్నారు?"

ఒక సైట్‌లో షట్‌డౌన్ అయ్యాక ఇలాగే జరిగింది. అనలైజర్ ల్యాబ్ కంటే 0.3, 0.4 ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. ఒక్కసారి అంత తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. ఇంజన్ పద్ధతిలోనే రెండు ల్యాబుల మధ్య 0.7 దాకా తేడా ఉండొచ్చని ఏఎస్‌టీఎం చెబుతుంది. కానీ వారం రోజులు, ప్రతి శాంపిల్లోనూ తేడా ఒకే వైపు వస్తోంది. అది యాదృచ్ఛికం కాదు.

అందరి చూపూ జగిత్యాల నుంచి వచ్చిన ఒక హెల్పర్ మీద పడింది. వచ్చి మూడు నెలలు. షట్‌డౌన్‌లో జంక్షన్ బాక్స్ దగ్గర నాతో పనిచేశాడు. అతనితో తప్పు ఒప్పుకున్నట్టు కాగితం రాయించుకోవాలని కాంట్రాక్టర్ మనిషి తొందరపడ్డాడు. సంతకం పెడితే జీతంలో కోత ఖాయం.

"నేను కొత్తగా ఏం ముట్టలేదన్నా, నువ్వు జెప్పినట్టే బిగించిన" అన్నాడు.

"కాగితం మీద సంతకం పెట్టకు. ముందు నోటుబుక్కు తియ్యి" అన్నాను.

అందులో ఉంది: విప్పిన తేదీ, గంట, తుడిచిన రెండు మొహాలు, గీత కలిసిందన్న మాట, ముందూ తర్వాతా తీసిన సింగిల్ బీమ్ ఫైల్ నంబర్లు. ఫైళ్ళు తెరిస్తే రెండు గీతలూ ఒకటే. అంటే మేం మూత వేసేసరికి అంతా బాగుంది. ఆ తర్వాతి రోజుల గీతలు చూస్తే, నాలుగో రోజు నుంచి ఒకవైపు వాలడం కనిపించింది. వాలిందంటే వంపు. ఇంజనీర్‌ని తీసుకుని కేబుల్ ట్రే వెంబడి నడిచాం. పరంజా పైపు ఒకటి కేబుల్‌ని ట్రే అంచుకి నొక్కిపెట్టి ఉంది. పర్మిట్ తీసుకుని దాన్ని తప్పించాక గీత పాత ఆకారానికి వచ్చింది, ల్యాబ్ తేడా కూడా పోయింది. ఆ నెల అతని జీతం పూర్తిగా పడింది.

ఆ పిల్లవాడి తరఫున మాట్లాడింది ఆ రెండు ఫైళ్ళు, అర పేజీ రాత. మన ఇంగ్లీషు అంతంత మాత్రమే కావచ్చు, అరబిక్ రాకపోవచ్చు, సూపర్‌వైజర్ మన మాట వినకపోవచ్చు. తేదీ, గంట, ఫైల్ నంబరు ఉన్న రాతని మాత్రం ఎవరూ కాదనలేరు. తెలుగులో రాసుకున్నా సరే, అంకెలు అందరికీ అర్థమవుతాయి.

కాబట్టి ప్రతి జాయింట్‌కీ ఈ ఐదూ రాయండి: ఎప్పుడు విప్పాను, ఎందుకు విప్పాను, ముందు ఫైల్ నంబరు, తర్వాత ఫైల్ నంబరు, ఎవరికి అప్పగించాను.

మీ సైట్‌లో వేరే రకం కనెక్టర్ ఉన్నా, ఇందులో ఏ మెట్టు అర్థం కాకపోయినా కింద రాయండి. కంపెనీ పేరు, మెషీన్ సీరియల్ నంబరు మాత్రం పెట్టకండి, మీకే ఇబ్బంది. వచ్చే ఎపిసోడ్‌లో శాంపిల్ లైన్ల గురించి మాట్లాడుకుందాం: ఫిల్టర్లు, నీటి చుక్కలు, గాలి బుడగలు. ఫైబర్ ఎంత బాగా బిగించినా సెల్‌లోకి బుడగ వస్తే ఏమవుతుందో అప్పుడు చెబుతాను.

జాగ్రత్తగా పని చేసుకోండి. ఉంటానండి.